బొమ్మల పేజీ: ఉయ్యాల మీద దోమతెర

గత సంచిక వెనక అట్ట మీద ఫ్రెంచి చిత్రకారిణి బెర్త్ మోరిసో వేసిన ‘ఊయల’ చిత్రం అచ్చు వేశాం. దాని మీద గోదావరి డెల్టా నుంచి చాలా ఉత్తరాలు వచ్చాయి. ఒకే ప్రశ్న నలుగురైదుగురు అడిగినచోట ఒకరి ఉత్తరమే తీసుకున్నాం.

ప్రశ్న: వెనక అట్ట బొమ్మ కత్తిరించి మా పాప మంచం దగ్గర పెట్టుకున్నానండి. ఉయ్యాలలో బిడ్డ, పక్కన తల్లి, మధ్యలో తెల్లటి తెర. ఆ తల్లి ముఖంలో నవ్వూ లేదు, ఏడుపూ లేదు. ఎవరావిడ? ఏం ఆలోచిస్తోందంటారు?
— ఒక గృహిణి, పాలకొల్లు

జవాబు: ఆవిడ ఎడ్మా, చిత్రం వేసిన బెర్త్‌కి సొంత అక్క. ఉయ్యాలలో ఉన్నది ఎడ్మా కూతురు బ్లాన్ష్. 1872లో నూనెరంగుల్లో వేశారు. అసలు చిత్రం 56 × 46 సెంటీమీటర్లే. అంటే 22 అంగుళాల ఎత్తు, 18 అంగుళాల వెడల్పు. ఇప్పుడు పారిస్‌లోని ఓర్సే మ్యూజియంలో ఉంది.

ఎడ్మా కూడా చిత్రకారిణే. అక్కచెల్లెళ్లిద్దరూ కలిసే నేర్చుకున్నారు, ప్రకృతి దృశ్యాలకి పేరుపడ్డ కోరో దగ్గర పాఠాలు చెప్పించుకున్నారు. 1869లో ఒక నౌకాదళ అధికారితో పెళ్లయ్యాక ఎడ్మా బ్రష్షు దాదాపు పక్కన పెట్టేసింది. ఈ సంగతి తెలిసినవాళ్లందరూ ఆ చూపులో దిగులు వెతుకుతారు. ఉందనీ చెప్పలేం, లేదనీ చెప్పలేం. నిద్రలేమితో ఉన్న ఏ తల్లి అయినా పడుకున్న బిడ్డని అలాగే చూస్తుంది కదా.

మనసులో ఏముందో వదిలేసి చేతులు చూడండి, అక్కడ చాలా ఉంది. తల్లి ఎడమ చెయ్యి మడిచి ముఖానికి ఆన్చుకుంది. బిడ్డ చెయ్యి కూడా అలాగే మడిచి తల పక్కన ఉంది. ఒకటి అద్దం, ఒకటి అందులో బింబం. తల్లి చూపు ఏటవాలుగా దిగి బిడ్డ మూసిన రెప్పల దగ్గర ఆగుతుంది. వెనక కిటికీ తెర కూడా అదే వాలులో ఉంది. ఇక తల్లి రెండో చెయ్యి దోమతెర అంచు పట్టుకుంది. ఆ తెర బిడ్డకీ మనకీ మధ్య వస్తోంది. తల్లికి బిడ్డ నేరుగా కనిపిస్తుంది, మనకి మాత్రం తెరలోంచి. చూసేవాణ్ణి మర్యాదగా గుమ్మం దగ్గరే నిలబెట్టే చిత్రమిది.

1874లో ఇంప్రెషనిస్టుల, అంటే ఆ గంటకి పడ్డ వెలుగుని పట్టుకుని వేసే చిత్రకారుల గుంపు, మొదటి ప్రదర్శనలో పెట్టినప్పుడు దీన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. అమ్మాలని చూశారు, అమ్ముడుపోలేదు. 1930లో లూవ్ర్ మ్యూజియం కొనేదాకా ఎడ్మా ఇంట్లోవాళ్ల దగ్గరే ఉండిపోయింది.

ప్రశ్న: మా మేనకోడలి బిడ్డని దోమతెర కింద పడుకోబెట్టి నూనెరంగుల్లో వేశాను. బిడ్డ బాగానే వచ్చింది. పైన తెర వేయగానే సున్నం కొట్టినట్టయింది. నలుపు కలిపి తెలుపు తగ్గించాను. ఇప్పుడు తెర మురికి పట్టినట్టుంది. పొరపాటు ఎక్కడ?
— ఒక డ్రాయింగ్ టీచర్, రామచంద్రపురం

జవాబు: మూడు చోట్ల ఉంది మాస్టారూ. మొదటిది సరిచేయకుండా మూడోది సరికాదు కాబట్టి వరసగా చెప్తాం.

మీరు తెల్ల కాన్వాస్ మీద మొదలుపెట్టి ఉంటారు. నేలే, అంటే బొమ్మ అడుగున ఉండే రంగే, తెల్లగా ఉంటే దాని మీద తెల్ల తెర కనబడే దారి ఒక్కటే, తెరని నల్లబరచడం. మీరు చేసింది అదే. అందుకని ముందు కాన్వాస్‌కి రంగు నేల పడాలి. బర్న్ట్ అంబర్‌లో అల్ట్రామెరీన్ నీలం కాస్త కలిపి, టర్పెంటైన్‌తో నీళ్లలా పల్చన చేసి, వెడల్పు బ్రష్షుతో అంతటా పూయండి. తడి మీదుండగానే పాత నూలు గుడ్డతో తుడిచేయండి. తడి ఇసుక రంగు మిగిలితే చాలు. ఒక రోజు ఆరనివ్వండి. ఈ పొరలో అవిసె నూనె వేయొద్దు. కింది పొరలో నూనె ఎక్కువై పై పొరలో తక్కువైతే కాలం గడిచేకొద్దీ పైది పగులుతుంది.

రెండోది. బిడ్డని తెర లేనట్టుగా పూర్తిగా వేసి, తర్వాత తెర కప్పారు. తెర వెనక నలుపు నలుపుగా ఉండదు, తెలుపు తెలుపుగా ఉండదు. రెండూ మధ్యకి జరుగుతాయి. తెల్ల కాగితాన్ని 1, కాటుకని 10 అనుకుని లెక్క వేసుకోండి. తెర వెనక ఉన్న బిడ్డ, దిండు, పక్కబట్ట మొత్తం 3 నుంచి 6 లోపు ఇమడాలి. మన పిల్లల జుట్టు ఒత్తుగా నల్లగా ఉంటుంది, అందుకని అందరూ అక్కడే దెబ్బతింటారు. జుట్టు 9 అని మనసు చెప్తుంది. 6 దగ్గర ఆపేయండి. కనుబొమ్మలు, రెప్పల గీత 5 దాటకూడదు. తెర బయట ఉన్న తల్లి జుట్టు, చీర మాత్రం 8, 9 దాకా వెళ్లొచ్చు. ‘ఊయల’లో తెర తెల్లగా కనిపించడానికి సగం కారణం పక్కనే ఎడ్మా ముదురు రంగు గౌను, మెడలో నల్ల పట్టీ ఉండటమే. వాటిని వేలితో మూసి చూడండి, తెరలో తెలుపు సగం చచ్చిపోతుంది.

మూడోది, తెలుపులో నలుపు. ఆ రెండూ కలిస్తే వచ్చేది చల్లటి, ప్రాణం లేని బూడిద రంగు. పక్కన ఒంటిరంగు వెచ్చగా ఉంటుంది కాబట్టి అది మురికిలా కనిపిస్తుంది. నలుపు ట్యూబు మూత తీయకండి. పాలెట్ మీద మూడు ముద్దలు చేసుకోండి. నీడవైపుకి: టైటేనియం వైట్ ఆరు చింతగింజలంత, అల్ట్రామెరీన్ ఒక బియ్యపు గింజంత, బర్న్ట్ సియెన్నా అందులో సగం. వెలుగువైపుకి: అంతే తెలుపులో ఎల్లో ఓకర్ బియ్యపు గింజంత. బిడ్డ ఒళ్లు తెరలోంచి తొణికే చోటుకి: అంతే తెలుపులో లైట్ రెడ్ అనే ఇటుక రంగు అర గింజ. ముద్దలు మూడూ ఒకే లేతదనంలో ఉండాలి, రంగు మాత్రమే మారాలి. పాలెట్‌ని ఫోన్‌తో నలుపు తెలుపులో ఫొటో తీస్తే మూడూ ఒకటే బూడిద రంగులో కనబడాలి. ఒకటి ముదురుగా కనిపిస్తే అందులో తెలుపు కలపండి.

ఇక తెర వేయడం. బిడ్డ బొమ్మ వేలికి అంటకుండా ఆరాలి. మన దగ్గర ఎండాకాలం నాలుగైదు రోజులు, వానాకాలం పది రోజుల పైన పడుతుంది. పంది వెంట్రుకల ఫ్లాట్ బ్రష్షు, 8 నంబరుది తీసుకోండి. నూనె, టర్పెంటైన్ ఏదీ కలపకుండా రంగు కొసకి తగిలించి, గుడ్డ మీద తుడిచి, దాదాపు పొడిగా ఉన్న బ్రష్షుతో తెర జారే దిక్కునే లాగండి. అడ్డంగా లాగొద్దు. కాన్వాస్ నేతలో ఎత్తుగా ఉన్న పోగులు మాత్రమే రంగు పట్టుకుంటాయి, గుంటల్లోంచి కింది బొమ్మ కనిపిస్తుంది. దోమతెర గళ్లు మీరు గీయక్కర్లేదు, కాన్వాసే గీసిపెడుతుంది. ఒంటి పొర ఉన్నచోట ఒకటి రెండు సార్లు లాగితే చాలు. మడత మీద మడత పడ్డచోట నాలుగు. పైన కుచ్చుగా కట్టినచోట రంగు దట్టంగా పెట్టండి. బిడ్డ ముఖం మీద ఒక్కసారి లాగి చెయ్యి తీసేయండి. అక్కడ రెండోసారి లాగాలని చెయ్యి తహతహలాడుతుంది, సున్నం కొట్టినట్టయ్యేది ఆ రెండోసారికే.

తెర అంచు మొత్తం గీత గీయకండి. తల్లి వేళ్లు పట్టుకున్నచోట ఒకటి, పరుపు మీద వాలినచోట ఒకటి, అంతే. మిగతా అంచు ఎక్కడ మొదలైందో ఎక్కడ ఆగిందో తెలియకూడదు. అచ్చమైన తెలుపు చివర్లో రెండు మూడు చుక్కలకి దాచుకోండి.

ఇప్పుడున్న బొమ్మ పాడైపోలేదు. తెర పొర ఇంకా మెత్తగా ఉంటే పాలెట్ నైఫ్‌తో గీకి, టర్పెంటైన్ తడి తగిలించిన గుడ్డతో ఒత్తి తీసేయండి. రుద్దితే కింద బిడ్డ కూడా వచ్చేస్తుంది. ఆరిపోయి ఉంటే అవిసె నూనె, టర్పెంటైన్ సమానంగా కలిపి, అందులో అల్ట్రామెరీన్, బర్న్ట్ సియెన్నా కొంచెం కొంచెం వేసి, గాజులాంటి పల్చటి పొర తెర మీద పూయండి. వెలుగు కావలసినచోట గుడ్డతో తుడవండి. ఇది ఆరాక పైన చెప్పిన పొడి బ్రష్షు పని.

తెలుపు గురించి ఇంకొక్క మాట. కొట్లో జింక్ వైట్ చవకగా, పల్చగా వస్తుందని ఇస్తారు. నూనెరంగుల్లో జింక్ కాలం గడిచేకొద్దీ పెళుసుబారి పగులుతుంది. టైటేనియమే వాడండి. మోరిసో కాలంలో టైటేనియం వైట్ లేదు, సీసపు తెలుపు వాడేవారు. అది విషం. పిల్లలున్న ఇంట్లో దాని జోలికి పోవద్దు.

ప్రశ్న: మా ఇంట్లో దూలానికి కట్టిన చీర ఉయ్యాల వేయాలని ఉంది. ఎన్నిసార్లు వేసినా సంచీ వేలాడదీసినట్టు వస్తోంది.
— ఒక కాలేజీ విద్యార్థిని, రాజోలు

జవాబు: బరువు కనబడకపోతే అది సంచీయే. చీర ఉయ్యాలలో మడతలన్నీ పైన ముడి దగ్గర పుట్టి కిందికి విచ్చుకుంటాయి. బిడ్డ నడుం ఆనే చోట బట్ట బిగిసి, మడత ఒక్కటీ లేకుండా నున్నగా ఉంటుంది. పైన గీతలు దగ్గరగా, కింద ఏమీ గీయకుండా వదిలేస్తే బరువు దానంతటదే వస్తుంది. మీరు కిందంతా కూడా మడతలు గీస్తున్నారేమో చూడండి. అత్యంత కిందికి దిగే చోటు ఉయ్యాల నడిమధ్య ఉండదు, బిడ్డ పిరుదుల కింద ఉంటుంది. తలవైపు కొంచెం ఎత్తు, కాళ్లవైపు ఖాళీ బట్ట వదులుగా. ముందు పెన్సిల్‌తో బిడ్డ ఎలా పడుకుందో గీసి, దాని మీద చీర కప్పండి.

రంగు సంగతి అసలైనది. పాత నూలు చీరలోంచి వెలుగు దిగుతుంది. ఎర్ర చీరయితే బిడ్డ చెంప కింది భాగం, గడ్డం కింద నీడ అంతా ఎర్రబడుతుంది. ఆకుపచ్చ చీరయితే ఆ నీడే ఆకుపచ్చగా, కాస్త జబ్బుగా కనిపిస్తుంది. ఒంటిరంగు అంటే ఇదీ అని ముందే కలిపి పెట్టుకున్న ముద్దతో ఆ నీడలు వేస్తే బిడ్డని వేరేచోట నుంచి తెచ్చి ఉయ్యాలలో అంటించినట్టుంటుంది. నీడలో చీర రంగు మూడో వంతు కలపండి. బయట పొలం కూడా ఊరుకోదు. సార్వా వరి పచ్చగా ఉన్న రోజుల్లో వసారాలో నీడలు ఆకుపచ్చవైపు మొగ్గుతాయి, కోతలయ్యాక గడ్డి రంగువైపు. సున్నం వేసిన గోడ మీద ఇది బాగా కనిపిస్తుంది.

ప్రశ్న: మసక మసకగా వేస్తే ఇంప్రెషనిస్టు చిత్రం అవుతుందా?
— తణుకు

జవాబు: కాదు. మసక చేయడం తేలిక, ఏది మసక చేయాలో తెలియడం కష్టం. ఆ పేరు కూడా వెక్కిరింతగా వచ్చిందే. 1874 ప్రదర్శనలో చిత్రకారుడు మోనే పెట్టిన సూర్యోదయ చిత్రం పేరులో ‘ఇంప్రెషన్’ అని ఉంటే, లూయీ లెరువా అనే విలేఖరి దాన్ని పట్టుకుని అందరినీ కలిపి ఎగతాళి చేశాడు. వీళ్లు చూసింది వెలుగుని, ఆ గంటలో ఆ వస్తువు మీద పడ్డ వెలుగుని. ‘ఊయల’లో తల్లి ముఖం, ఆమె వేళ్లు ఎంత తేటగా ఉన్నాయో చూసి, ఆ తర్వాత తెర కింది భాగం చూడండి.

ప్రశ్న: మా నాలుగేళ్ల మనవరాలు రెండు నిమిషాలు కూడా కుదురుగా కూర్చోదండి. ఫొటో చూసి వేస్తే బొమ్మ బొమ్మలాగే ఉంటోంది. ఏం చేయమంటారు?
— ఒక రిటైర్డ్ ఉద్యోగి, భీమవరం

జవాబు: కుదురుగా కూర్చోబెట్టాలన్న ఆలోచన మానుకోండి. అమెరికా నుంచి వచ్చి పారిస్‌లో స్థిరపడిన మేరీ కసాట్ 1878లో వేసిన ‘నీలి కుర్చీలో చిన్న పిల్ల’ చూడండి. అది వాషింగ్టన్‌లోని నేషనల్ గ్యాలరీలో ఉంది. ఆ పిల్ల కుర్చీలో ఒళ్లు విరుచుకుని, కాళ్లు చాపి, ఒక చెయ్యి తల వెనక పెట్టి, విసుగెత్తి పడి ఉంది. పక్క కుర్చీలో కుక్కపిల్ల పడుకుంది. కసాట్ ఆ విసుగునే వేసింది. వెనక భాగంలో చిత్రకారుడు దెగా కూడా చెయ్యి కలిపాడు. ఆ ఏడాది పారిస్ అంతర్జాతీయ ప్రదర్శనకి పంపితే అమెరికన్ విభాగం వాళ్లు తీసుకోలేదు. బుద్ధిగా, ముద్దుగా కూర్చున్న పిల్లల బొమ్మలు అలవాటైన కళ్లు మరి.

మీరు చేయగలిగింది ఇది. అరచేతి సైజు పుస్తకం, మెత్తటి 4బి పెన్సిల్ దగ్గరుంచుకోండి. పిల్ల ఆడుకుంటుంటే ఒక్కో భంగిమకి అర నిమిషం మించకుండా పేజీకి ఆరేడు గీయండి. అది కదిలిపోతే ఆ గీత అక్కడ వదిలేసి ఇంకోటి మొదలుపెట్టండి. పిల్లలు తిరిగి తిరిగి అవే నాలుగు భంగిమల్లోకి వస్తారు, మొదటి గీతని అప్పుడు పూర్తిచేయొచ్చు. పాదాల మీద గొంతుక్కూర్చోవడం, బోర్లా పడుకుని కాళ్లు ఊపడం ఇలాంటివి. మధ్యాహ్నం నిద్ర మీకు అసలైన సమయం. పడుకున్న ఇరవై నిమిషాల తర్వాత గాఢనిద్రలో కదలరు.

కొలతల్లో పెద్దవాళ్ల కొలతలు తెచ్చిపెట్టకండి. పసిబిడ్డ మొత్తం పొడవులో తల నాలుగో వంతు. మీ మనవరాలి వయసుకి దాదాపు అయిదో వంతు. పెద్దవాళ్లకి తల సగానికి కళ్లు వస్తాయి, పిల్లలకి సగానికి కిందే. కళ్లు పైకి పెడితే పిల్ల కాస్తా పొట్టి పెద్దమనిషి అయిపోతుంది. చాలామంది బొమ్మల్లో కనబడే తప్పు ఇదొక్కటే.

ఫొటో వద్దనం. భంగిమ కోసం వాడండి, రంగు కోసం వద్దు. ఫోన్ కెమెరా నీడల్ని తానే తేటపరుస్తుంది, కిటికీని తెల్లగా పేల్చేస్తుంది, ఒంటిని నున్న చేస్తుంది. రంగులు ఎదురుగా చూసి చిన్న కాగితం మీద నాలుగు మచ్చలు వేసుకుని దాచుకోండి: నుదురు, చెంప నీడ, గౌను వెలుగు, గౌను నీడ. ఆ నాలుగూ ఉంటే తర్వాత ఫొటో మిమ్మల్ని మోసం చేయలేదు. వెలుగుకి ఉత్తరపు కిటికీ మంచిది. మండువా ఇల్లయితే మండువా అంచున కాకుండా రెండు గజాలు లోపలికి కూర్చోబెట్టండి, పైనుంచి పడే వెలుగుకి కళ్ల కింద గుంటలు పడకుండా ఉంటాయి. పడమటి వసారా మధ్యాహ్నం మూడు దాటితే పనికిరాదు, పావుగంటకొక రంగు మారుతుంది.

ప్రశ్న: ఈ చిత్రకారిణులు ఎప్పుడూ ఇల్లు, పిల్లలు, కుట్టుపనే వేశారెందుకు? మగవాళ్లు రైల్వే స్టేషన్లు, హోటళ్లు వేశారు కదా. ఇది చిన్నచూపు కాదా?
— ఒక లెక్చరర్, రాజమహేంద్రవరం

జవాబు: తలుపులు మూసి ఉన్నాయి కాబట్టి. పారిస్‌లోని ప్రభుత్వ కళాశాల ఎకోల్ దె బోజార్ ఆడవాళ్లకి 1897 వరకు ప్రవేశమే ఇవ్వలేదు. బెర్త్ మోరిసో 1895లోనే చనిపోయింది. ఆమె స్థాయి ఇళ్లలో ఆడపిల్ల ఒక్కతే వెళ్లి కాఫీ హోటల్లో కూర్చుని బొమ్మలు గీసుకునే వీలు లేదు. వేయడానికి దొరికినవి ఇల్లు, తోట, సొంతవాళ్లు.

అయితే అంతటితో ఆపితే ఆమెకి అన్యాయం చేసినట్టే. ఇంటి లోపలి వెలుగు రైల్వే స్టేషన్ పొగకన్నా తేలికైన పని కాదు. తెల్లబట్ట మీద తెల్ల తెర, దాని వెనక లేత ఒళ్లు, ఇంత ఇరుకు రంగుల్లో నిలదొక్కుకోవడం ఆ గుంపులో చాలామంది చేయలేదు. ఎనిమిది ఇంప్రెషనిస్టు ప్రదర్శనల్లో ఏడింట్లో ఆమె పాల్గొంది. మానేసింది 1879 ఒక్కసారే, అంతకుముందు నవంబరులో కూతురు జూలీ పుట్టింది. ఇంట్లో పనివాళ్లు, డబ్బు ఉన్నాయి కాబట్టి ఇదంతా సాగిందన్నది కూడా నిజం. పాలిచ్చే దాది, పనిమనిషి ఆమె చిత్రాల్లో కనిపిస్తారు. వాళ్లు పనిచేస్తున్న మనుషుల్లా కనిపిస్తారే తప్ప అలంకారంగా కాదు.

ప్రశ్న: నేను లేసు అల్లుతాను. మా పాప గౌనుకి లేసు అంచు వేశాను. ఆ గౌనుతో పాప బొమ్మ వాటర్ కలర్లో వేస్తుంటే లేసు పిండి చల్లినట్టుంది.
— నరసాపురం

జవాబు: మీరు దారాలు వేస్తున్నారు. చిల్లులు వేయండి. కాగితం తెలుపే లేసు. దాని వెనక ఉన్న ముదురు రంగుని, అంటే పాప ఒంటిరంగునో గౌను రంగునో, లేసు కన్నాల్లో 1 నంబరు గుండ్రటి బ్రష్షుతో చుక్కలుగా పెట్టండి. మీ చేతికి అల్లిక వరస తెలుసు కాబట్టి ఇది మీకు తొందరగా పడుతుంది. దగ్గరగా ఉన్న రెండంగుళాల మేర మాత్రం పూర్తిగా కన్నాలు వేసి, మిగతా అంచు అంతా అలల గీతగా వదిలేయండి. రంగు అంటకుండా కాగితం మీద పూసే మాస్కింగ్ ఫ్లూయిడ్ వాడితే మరునాటికల్లా తీసేయాలి. చెమ్మ వాతావరణంలో నాలుగు రోజులుంచితే కాగితం పొరతో సహా ఊడొస్తుంది. కాగితం మందం చదరపు మీటరుకి 300 గ్రాములు, అంటే 300 జీఎస్ఎమ్‌కి తగ్గకూడదు.

ప్రశ్న: పారిస్ వెళ్లలేం. ఇలాంటివి దగ్గర్లో ఎక్కడైనా చూడొచ్చా?
— మండపేట

జవాబు: మోరిసో చిత్రాలు ఇక్కడ లేవు. రాజమహేంద్రవరంలో దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీ ఉంది, అక్కడికి వెళ్లండి. ఆయన 1897లో పుట్టి 1925లోనే పోయారు. ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఓస్వాల్డ్ కూల్‌డ్రే ప్రోత్సాహంతో బొంబాయి జె.జె. చిత్రకళా పాఠశాలలో చదువుకున్నారు. ఆయనది ఇంప్రెషనిస్టు పద్ధతి కాదు. గీత ముఖ్యం ఆయనకి. కానీ అసలు రంగుని ఎదురుగా నిలబడి చూడటం అచ్చులో చూడటం ఒకటి కాదు. ఒక చిత్రం ముందు పావుగంట నిలబడి, నీడల్లో ఏ రంగులు పెట్టారో రాసుకుని రండి.

ప్రశ్న: జూన్‌లో వేసిన నూనెరంగుల బొమ్మ ఆగస్టుకి కూడా ఆరలేదు. త్వరగా ఆరుతుందని కిరోసిన్ కలిపాను. ఇప్పుడు వెనకవైపు బూజు కూడా పట్టింది.
— అమలాపురం

జవాబు: నూనెరంగు నీరు ఆవిరై ఆరదు, గాలిలో ఆక్సిజన్ పీల్చుకుని గట్టిపడుతుంది. అందుకని దానికి కావలసింది వేడి కన్నా గాలి, వెలుగు. చీకటి గదిలో బీరువా వెనక పెడితే ఆరడం ఆలస్యమవుతుంది, అవిసె నూనె పసుపు రంగుకి తిరుగుతుంది కూడా. అలా పసుపెక్కింది వెలుగున్న గదిలో కొన్ని వారాలుంచితే చాలావరకు తగ్గుతుంది. ఎండలో మాత్రం పెట్టొద్దు, పైన తోలు కట్టి లోపల పచ్చిగా ఉండిపోతుంది. కిరోసిన్ ఇకమీదట కలపకండి. అది టర్పెంటైన్ కన్నా మెల్లగా ఆవిరవుతుంది, జిడ్డు మిగులుస్తుంది, పొర బలహీనపడుతుంది. వానాకాలంలో రంగు పల్చటి పొరలుగా వేయండి. అంబర్, సియెన్నా లాంటి మట్టిరంగులు తొందరగా ఆరతాయి, టైటేనియం వైట్ ఆలస్యం. దట్టంగా తెలుపు పెట్టే పని చలికాలానికి వాయిదా వేసుకోవడం మేలు. తొందరగా ఆరడానికి కోబాల్ట్ డ్రయ్యర్ వాడితే, రంగులో కలిపే నూనె (మీడియం) చెంచాడుకి ఒకటి రెండు చుక్కలే. ఎక్కువైతే పైపొర ముడతలు పడుతుంది.

బూజుకి కారణం రంగు కాదు, గోడ. వాన కొట్టే బయటి గోడకి కాన్వాస్ ఆనించి వేలాడదీస్తే వెనకవైపు గాలి ఆడదు. తేమ 65, 70 శాతం దాటి రోజుల తరబడి నిలిస్తే గుడ్డ మీద, జిగురు మీద బూజు మొలుస్తుంది. కోనసీమలో వానాకాలమంతా ఆ తేమ ఉంటుంది. బొమ్మని లోపలి గోడకి మార్చండి. ఫ్రేము నాలుగు మూలలా వెనక అర అంగుళం మందం బెండు ముక్కలు అంటించి గోడకి ఎడం చేయండి. ప్లాస్టిక్ కవరు చుట్టొద్దు, తేమ లోపలే ఉండిపోతుంది. మేకులు ఇనుపవి కాకుండా ఇత్తడివి వాడితే ఉప్పుగాలికి తుప్పు కారి గుడ్డ మీద మరక పడదు.

ఇప్పుడు పట్టిన బూజుకి: మిగతా బొమ్మల నుంచి దీన్ని వేరుచేయండి. నీడలో గాలి తగిలేచోట రెండు రోజులు పూర్తిగా పొడిబారనివ్వండి. బూజు పొడిగా ఉన్నప్పుడే ఊడుతుంది, తడిగా ఉంటే అలుక్కుపోతుంది. ముక్కుకి మాస్కు కట్టుకుని, ఇంటి బయట, గాలి మీ మీదకి రాని దిక్కున నిలబడి మెత్తటి బ్రష్షుతో వెనకవైపు మాత్రమే దులపండి. తడిగుడ్డ, డెటాల్, బ్లీచింగ్ ఏవీ వద్దు. ముందువైపు రంగు పెచ్చులు లేస్తూ కనిపిస్తే అక్కడితో ఆపి, చిత్రాల మరమ్మతు తెలిసినవాళ్లకి చూపించండి.

వార్నిష్ ఇప్పుడే వేయొద్దు. పొర పూర్తిగా గట్టిపడటానికి ఆరు నెలల నుంచి ఏడాది పడుతుంది. తేమ రోజుల్లో వేసిన వార్నిష్ పాలపొరలా తెల్లబడుతుంది కూడా. సంక్రాంతి వెళ్లాక, మంచు విడిచి ఎండ పొడిగా కాసే రోజు చూసుకుని, పదకొండు గంటల తర్వాత, తలుపులు తీసి, బొమ్మని బల్ల మీద పడుకోబెట్టి ఒకే పొర వేయండి.